మద్దెల ఓడేనా? – మౌత్ ఆర్గన్ నాదాన్ని గూర్చి ఒక అభిప్రాయం

"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెత ఎరుగని తెలుగువారుండరు. తన చేతగానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి పరికరం మీద నింద మోపే స్వభావాన్ని మన పెద్దలు మూడు మాటల్లో ఎండగట్టారు. అయితే ఈ సామెతను పట్టుకొని ప్రతి ఆటగాణ్ణీ వెక్కిరించడం న్యాయం కాదు. మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలు లోకంలో లేకపోలేదు. మద్దెల మంచిదై, ఆటగాడూ మంచివాడై, ఆ రెంటికీ పొత్తు కుదరని సందర్భాలు అంతకంటె ఎక్కువ. తప్పు ఎక్కడున్నదో పరిశీలించకుండా తీర్పు చెప్పడమే అసలైన తప్పు. అట్టి తప్పు ఒకటి నేను చేశాను. ఒక విద్యార్థి ఉత్సాహాన్ని అది కొంతకాలం చల్లార్చింది. ఆ తప్పును ఒప్పుకొని, దాని మూలంగా నేను నేర్చుకొన్న నాలుగు విషయాలను విద్యార్థి మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవానికి ముందు సాంస్కృతిక కార్యక్రమాల ఎంపిక జరుగుతున్నది. బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మౌత్ ఆర్గన్‌తో వేదిక ఎక్కాడు. మిత్రుని దగ్గర అడిగి తెచ్చుకొన్న చిన్న గిటారు ఆంప్లిఫయరు అతని వెంట ఉన్నది. ట్రాన్సిస్టర్లతో పనిచేసే నల్లని పెట్టె అది. పాటలు పాడేవారు వాడే మామూలు మైకును వాద్యంతో కలిపి రెండు చేతులా బిగించి పట్టుకొని, అమెరికాలోని చికాగో నగరపు బ్లూస్ వాద్యకారుల ధోరణిలో వాయించబోయాడు. ధ్వని పీలగా వచ్చింది. వాల్యూమ్ పెంచాడు. నాదం కంటె ముందు బుస వినిపించింది. ఇంకా పెంచాడు. పెట్టె ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేటట్లు కూసింది. హాలంతా నవ్వులు.

ఎంపిక సంఘంలో నేనూ ఒకణ్ణి. సంగీతం తెలిసినవాడినన్న పేరు కొంత ఉన్నందువల్ల అందరూ నావైపు చూశారు. "బాబూ, నీవు కోరే నాదం ఈ పెట్టెలో పుట్టదు. దానికి పాతకాలపు వాల్వు ఆంప్లిఫయరు కావాలి. అది లేనిదే ఈ ప్రయత్నం వృథా" అన్నాను. "అది ఎంత ఉంటుంది సార్?" అని అడిగాడు. చెప్పాను. నేను చెప్పిన మొత్తం అతని తండ్రికి కొన్ని నెలల సంపాదన అని తరువాత తెలిసింది. అతడు మాత్రం "సరే సార్" అని, మౌత్ ఆర్గన్ జేబులో వేసుకొని వేదిక దిగిపోయాడు. ఆ తరువాత సాధనకు రాలేదు.

తెలుగు పాఠం చెప్పేవాడికి ఆంప్లిఫయర్ల గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చు. చిన్ననాటినుండి మౌత్ ఆర్గన్ నాకు పరిచితం. మన ప్రాంతాలలో ఆ వాద్యం పేరెత్తగానే చాలమందికి హిందీ సినిమా పాటలే జ్ఞాపకం వస్తాయి. 1958 నాటి "సోల్వా సాల్" చిత్రంలో హేమంత్ కుమార్ పాడిన పాట వెనుక వినిపించే మౌత్ ఆర్గన్, 1964 నాటి "దోస్తీ" చిత్రంలోని మౌత్ ఆర్గన్ రెండూ ఆర్.డి. బర్మన్ వాయించినవే. ఆ మృదువైన, తేటయైన నాదమే మౌత్ ఆర్గన్‌కు సహజమని నేను చాలకాలం నమ్మాను. ఎం.ఏ. చదివే రోజుల్లో విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఒక మిత్రుడు లిటిల్ వాల్టర్ వాయించిన "జూక్" అనే ఖండికను వినిపించాడు. అది మౌత్ ఆర్గన్ అని నేను మొదట నమ్మలేదు. శాక్సోఫోను వలె బరువుగా, గుండెలోనుండి వచ్చే గొంతు వలె కొంచెం జీరగా ఉన్నది. అరచేతిలో ఇమిడే పది రంధ్రాల వాద్యంలోనుండి అంత నాదం ఎట్లా వచ్చింది? ఆ ప్రశ్న నాతో అప్పటినుండీ ఉన్నది. దానికి దొరికిన తొందరపాటు జవాబునే నేను ఆనాడు ఆ విద్యార్థి ముఖాన విసిరాను.

లిటిల్ వాల్టర్ అసలు పేరు మేరియన్ వాల్టర్ జేకబ్స్. అమెరికా దక్షిణాన ఉన్న లూసియానా రాష్ట్రంలో పుట్టి, 1940 దశకం మధ్యలో చికాగో చేరాడు. అక్కడి మాక్స్‌వెల్ వీధి సంతలో వాయించేవాడు. పిమ్మట మడ్డీ వాటర్స్ బృందంలో చేరాడు. ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో చిన్న మౌత్ ఆర్గన్ వినిపించదు. కనుక చవకైన మైకును వాద్యంతో పాటు దోసిలిలో బిగించి, దానిని ఆంప్లిఫయరుకు కలిపి వాయించాడు. ఆ మార్గం తొక్కినవాడు ఆయన ఒక్కడే కాకపోవచ్చు. కాని ఆ మార్గాన్ని ఒక కళగా నిలిపినవాడు ఆయనే. 1952 మే 12న రికార్డయిన "జూక్" చెకర్ ముద్రతో వెలువడి, ఆనాటి రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అందులో మాటలు లేవు. మౌత్ ఆర్గనే కథానాయకుడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆనాటి వాద్యకారులు వాడిన పరికరాలలో ఏదీ మౌత్ ఆర్గన్ కోసం పుట్టినది కాదు. బుల్లెట్ మైకులని నేడు పేరు పొందిన ఆస్టాటిక్ జె.టి.-30, 1949లో వచ్చిన షూర్ 520 వంటివి మాటలు వినిపించడానికి, ప్రకటనలు చేయడానికి తయారైనవి. నేడు మౌత్ ఆర్గన్ వాద్యకారులు అపురూపంగా చెప్పుకొనే 1950 దశకం చివరి ఫెండర్ బాస్‌మన్ ఆంప్లిఫయరు, దాని పేరే చెప్పుచున్నట్లు, బాస్ గిటారు కోసం చేసినది. అందులోని నాలుగు పది అంగుళాల స్పీకర్లు మౌత్ ఆర్గన్‌కు నప్పడం తరువాత తెలిసిన సంగతి. వారు ప్రత్యేకంగా వాల్వులను కోరుకోలేదు. ఆ రోజుల్లో ఆంప్లిఫయరు అంటేనే వాల్వులు. అంగట్లో దొరికినదాన్ని, చేతికి అందినదాన్ని తీసుకొని, దాని గుణదోషాలను చెవితో కనిపెట్టి, దోషాన్ని సైతం గుణంగా మార్చుకొన్నారు. వారి గొప్పతనం అక్కడున్నది.

నేడు ఆ పాత పరికరాలు పురావస్తువులై ధర పెరిగి కూర్చున్నాయి. మన కాలంలో మామూలుగా చేతికి అందేది ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు. కాబట్టి ఆ మహనీయుల అడుగుజాడల్లో నడవడమంటే వారు వాడిన పెట్టెను వెదకి కొనడం కాదని, వారు తమ కాలపు పెట్టెతో చేసిన పనిని మనం మన కాలపు పెట్టెతో చేయడమని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

అయితే వాల్వుకూ ట్రాన్సిస్టరుకూ భేదం లేదని నేను అనను. భేదం ఉన్నది. దానిని తెలుసుకోకుండా ముందుకు పోవడం గుడ్డితనం. వాల్వు ఆంప్లిఫయరు తన శక్తికి మించిన సంకేతం వచ్చినప్పుడు సాధారణంగా ఆ తరంగపు శిఖరాన్ని మెల్లగా వంచుతుంది. బరువుకు వంగిన వరికంకి వలె అది గుండ్రంగా లొంగుతుంది. ఆ వంపులోనుండి పుట్టే అదనపు అనుస్వరాలు చెవికి ఇంపుగా, నిండుగా తోస్తాయి. పెద్ద శబ్దం కొంచెం అణగి, చిన్న శబ్దం కొంచెం పైకి వచ్చినట్లుంటుంది. మామూలు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు తన హద్దువరకు తేటగా పనిచేసి, హద్దు దాటగానే శిఖరాన్ని కొడవలితో కోసినట్లు కత్తిరిస్తుంది. ఆ కోతలో పుట్టేది గరుకైన, ముక్కలైన ధ్వని. అందుచేత వాల్వు ఆంప్లిఫయరును వాడినట్లే ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరును కూడ హద్దు దాటించి నాదం రాబట్టాలని చూస్తే నిరాశ తప్పదు. ఆ విద్యార్థి చేసినది అదే. నేను కారణం చెప్పకుండా తీర్పు మాత్రమే చెప్పాను.

మార్గం మరొకటి ఉన్నది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు సహజగుణం తేటదనం. 1975లో రోలాండ్ సంస్థ తెచ్చిన జాజ్ కోరస్-120 ఆ తేటదనంతోనే కీర్తి గడించింది. ఆ గుణాన్ని ఆ పెట్టెకు విడిచిపెట్టి, దానిని దాని హద్దులోనే ఉంచి, మనకు కావలసిన జీరను, బరువును ముందుగానే సిద్ధంచేసి దానికి అందించాలి. నాదానికి రంగు వేయవలసిన స్థలాలు ఆంప్లిఫయరుకు ముందు మూడున్నాయి: నోరు, చేతులు, మైకు. నాలుగవది పెడల్. ఈ వరుసను తారుమారు చేసి పెడల్‌తో మొదలుపెట్టేవారే ఎక్కువమంది.

ఉర్దూలో వాద్యాన్ని సాజ్ అంటారు, వాయించేవాణ్ణి సాజిందా అంటారు. సాజ్ ఎంత గొప్పదైనా సాజిందా ఊపిరి దానికి ప్రాణం. పది రంధ్రాల మౌత్ ఆర్గన్‌లో 20 రీడులుంటాయి. ఊదినప్పుడు పలికేవి పది, పీల్చినప్పుడు పలికేవి పది. బ్లూస్ వాద్యకారులు ఎక్కువగా పీల్చే స్వరాల మీద ఆధారపడతారు. సి శ్రుతి వాద్యాన్ని తీసుకొని జి శ్రుతిలో వాయించడం వారి సామాన్య పద్ధతి. పీల్చేటప్పుడు నాలుకనూ గొంతునూ సవరించి స్వరాన్ని కిందికి వంచుతారు. శ్వాస బుగ్గలలోనుండి కాక పొట్టలోనుండి రావాలి. గొంతు తెరచి ఉండాలి. సన్నని శ్వాసతో పుట్టిన పీల నాదాన్ని ఆంప్లిఫయరు పెద్ద పీల నాదంగా మాత్రమే చేయగలదు. రెండవ సన్నీ బాయ్ విలియంసన్ వంటి మహావాద్యకారుడు గొంతుతో, చేతుల కదలికతో పలికించిన నాదానికి ఏ పెడల్ అవసరం కలిగింది? కనుక రియాజ్ లేనిదే తక్కినదంతా వృథా. ఈ మాట చెప్పిన తరువాతనే పరికరాల మాట చెప్పే అర్హత మనకు కలుగుతుంది.

చేతుల సంగతి. మైకునూ వాద్యాన్నీ కలిపి దోసిలిలో గాలి పోకుండా మూసినప్పుడు, ఆ లోపలి చిన్న గదిలో ధ్వని ఒత్తిడి పెరుగుతుంది. కీచుదనం తగ్గి మంద్రం పెరుగుతుంది. మైకు కూడ ఆ ఒత్తిడికి కొంత జీరను చేర్చుతుంది. నాదంలోని జీరలో మొదటి భాగం ఇక్కడే, ఖర్చు లేకుండా పుడుతుంది. చేతులు తెరిస్తే తేటదనం, మూస్తే బరువు. అదొక పెడల్ కాదా?

మైకు విషయంలోనే నా అజ్ఞానం బయటపడింది. నేను తీర్పు చెప్పిన కొన్నాళ్లకు ఈ ప్రసంగం మా భౌతికశాస్త్ర శాఖలోని పెద్దలైన ఒక మిత్రుని ముందు వచ్చింది. ఆయన నవ్వి, "భాయ్ సాబ్, ఛందస్సు తప్పిందని మీరు పద్యాన్నంతా చించేస్తారా? ఏ గణం దగ్గర తప్పిందో చూడరూ?" అన్నారు. నాకు సిగ్గు కలిగింది. మరునాడు ఆ పెట్టెనూ మైకునూ ప్రయోగశాలకు తెప్పించాము.

ఆయన చెప్పినది ఇది. పాటలకు వాడే సాధారణమైన డైనమిక్ మైకు ఇంపెడెన్సు 150 నుండి 300 ఓముల వరకు ఉంటుంది. అది పంపే సంకేతం చాల చిన్నది. గిటారు ఆంప్లిఫయరు ద్వారం సుమారు 10 లక్షల ఓముల ఇంపెడెన్సుతో, గిటారు పంపే పెద్ద సంకేతం కోసం ఏర్పడినది. ఈ రెంటినీ నేరుగా కలిపితే బలం చాలదు. వాల్యూమ్ పెంచితే బుస పెరుగుతుంది. మధ్యలో బొటనవేలంత మాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెడితే సంకేతపు వోల్టేజి పది పదిహేను రెట్లు పెరుగుతుంది. వాల్వు ఆంప్లిఫయరు ధరతో పోలిస్తే దీని ధర లెక్కలోనికి రాదు. అది పెట్టగానే పీలదనం, బుస చాలవరకు పోయాయి. ఆ పెట్టె గొంతు విప్పింది. ఓడు మద్దెలది కాదు, ఆటగాడిదీ కాదు, నడుమనున్న తీగది.

పాతకాలపు క్రిస్టల్ మైకులు వాడేవారికి ఇబ్బంది మరొక రకంగా ఉంటుంది. వాటికి ఇంకా ఎక్కువ ఇంపెడెన్సు గల ద్వారం కావాలి. 10 లక్షల ఓములు కనీసం, 50 లక్షలైతే మరీ మంచిది. తక్కువైతే మంద్రమంతా కారిపోయి పీల ధ్వని మిగులుతుంది. అట్టి మైకును సభలలో వాడే మిక్సరులో నేరుగా పెట్టి "ఇది పనికిరాని మైకు" అనడం అన్యాయం. మధ్యలో బఫర్ అనే చిన్న పెట్టె ఉంటే చాలు. మరొక హెచ్చరిక: ఈ మైకులలో పాతవాటి లోపల ఉండేది రోషెల్ లవణపు స్ఫటికం. తేమ దానికి పడదు. సుమారు 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి అది చెడిపోతుంది. మన రోహిణీ కార్తె ఎండలో తలుపులు మూసిన కారులో దానిని వదలిపెట్టడమంటే దానిని చంపడమే.

ఇక పెడల్‌ల సంగతి. ఇవి గిటారు వాద్యకారులు కాలితో తొక్కి వాడే చిన్న డబ్బాలు. మౌత్ ఆర్గన్‌కు నాలుగు రకాలు ముఖ్యం.

మొదటిది ఓవర్‌డ్రైవ్. వాల్వు వంచినట్లు తరంగ శిఖరాన్ని మెల్లగా వంచడం దీని పని. 1970 దశకం చివర వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ ఇందులో ప్రసిద్ధమైనది. వింత ఏమిటంటే దాని పేరులో వాల్వు ఉన్నది గాని పెట్టెలో వాల్వు లేదు. డయోడ్లు, ఒక చిన్న ఐ.సి. ఆ పని చేస్తాయి. గిటారు వారు తిప్పినంతగా మనం తిప్పరాదు. డ్రైవ్ నాలుగోవంతు దాటకుండా, టోన్ సగానికి తక్కువగా ఉంచాలి. మైకు చేతిలో ఉన్నదన్న సంగతి మరచి డ్రైవ్ పెంచితే నాదానికి ముందు కూత వస్తుంది. ఈ రకం పెడల్ మంద్రాన్ని కొంత తగ్గిస్తుంది కనుక ఆంప్లిఫయరులో బాస్ కొంచెం పెంచుకోవాలి.

రెండవది ఈక్వలైజరు. నా మటుకు ఒక్క పెడల్‌కే డబ్బున్నదంటే దీనినే కొనమంటాను. సి శ్రుతి మౌత్ ఆర్గన్‌లో మొదటి స్వరం సుమారు 262 హెర్ట్జులు, చివరి స్వరం సుమారు 2093 హెర్ట్జులు. అంతకు పైన ఉండేవి అనుస్వరాలు మాత్రమే. షూర్ 520 డి.ఎక్స్. అనే బుల్లెట్ మైకు 100 నుండి 5000 హెర్ట్జుల వరకే పలుకుతుందని దాని తయారీదారులే చెప్పుకొంటారు. అంటే ఆ పాత నాదపు రహస్యంలో సగం "లేకపోవడం"లో ఉన్నది. పాడే మైకు, కీబోర్డు ఆంప్లిఫయరు ఎత్తైన ధ్వనులను కూడ నిజాయితీగా వినిపిస్తాయి; ఆ నిజాయితీ ఇక్కడ కీచుదనమవుతుంది. 5000 హెర్ట్జులకు పైన తగ్గించి, మంద్రాన్ని కొంచెం ఎత్తితే నాదం ఒక్కసారి పెద్దమనిషి అవుతుంది. ఏ స్వరం దగ్గర కూత పుడుతున్నదో అక్కడ మాత్రం కొంచెం నొక్కడానికి కూడ ఇదే సాధనం.

మూడవది ఆక్టేవ్. మనం వాయించిన స్వరానికి ఒక స్థాయి కింది స్వరాన్ని కూడ జతచేస్తుంది. ఒంటి స్వరాలకు ఆర్గన్ వంటి నిండుదనం వస్తుంది. పాత రకాలలో రెండు మూడు స్వరాలు కలిపి పలికిస్తే గందరగోళమవుతుంది. మన కాలపు జేసన్ రిచ్చి వంటి వాద్యకారులు ఇట్టి పెడల్‌లను తమ శైలిలో భాగం చేసుకొన్నారు. నాలుగవది డిలే, అనగా ప్రతిధ్వని. 300 మిల్లీసెకండ్ల లోపు ఒకటి రెండు ప్రతిధ్వనులు, అసలు స్వరం కంటె చాల తక్కువగా ఉంటే, చిన్న నాదం విశాలమైన మందిరంలో పలికినట్లుంటుంది. ఎక్కువైతే బావిలో పడినవాని కేక అవుతుంది. వీటిని కలిపే వరుస: మైకు, ఆక్టేవ్, ఓవర్‌డ్రైవ్, ఈక్వలైజరు, డిలే, చివరకు ఆంప్లిఫయరు. ఆక్టేవ్‌కు తేటయైన స్వరం అందాలి. ప్రతిధ్వనికి జీర చేరిన స్వరం అందాలి. వరుసకు కారణం అంతే.

ఆ విద్యార్థిని నవ్వులపాలు చేసిన కూత సంగతి చెప్పవలసి ఉన్నది. మైకులో పడిన ధ్వని స్పీకరులోనుండి వచ్చి మరల మైకులో పడుతుంది. ఆ చక్రం తిరిగేకొద్దీ బలపడి కూతగా మారుతుంది. దీనికి వాల్వు, ట్రాన్సిస్టరు అన్న పక్షపాతం లేదు. అతడు స్పీకరు ఎదుట నిలిచి, వాల్యూమ్ అంతా ఎత్తి, స్వరం ఆపినప్పుడు మైకును చేతిలో అట్లే తెరచి ఉంచాడు. ఆంప్లిఫయరును అతని ముందు పక్కగా, సభవైపు ముఖం పెట్టి ఉంచి, ట్రెబుల్ తగ్గించి, సభకు చాలనప్పుడు ఆంప్లిఫయరును ఇంకా ఎత్తకుండా దాని ముందు మరొక మైకు పెట్టి కళాశాల మైకు సెట్టుకు అందించగా కూత ఆగిపోయింది. అయితే మన సభలలో వాడే కొమ్ము లౌడ్‌స్పీకర్లు మంద్రాన్ని మింగివేస్తాయి కనుక పెట్టె స్పీకర్లే వాడాలి.

ఇంతవరకు చదివినవారిలో ఇద్దరు నాతో విభేదిస్తారని ఎరుగుదును. ఒకరు, "ఎన్ని చెప్పినా వాల్వు వాల్వే" అంటారు. వారితో నాకు పెద్ద తగవు లేదు. మంచి వాల్వు ఆంప్లిఫయరు శ్వాసకు బదులు పలికే తీరు, కొంచెం ఊదితే కొంచెం, గట్టిగా ఊదితే గట్టిగా జీర చేర్చే తీరు, పెడల్‌తో పూర్తిగా రాదు. కొనగలవారు కొనవచ్చు. కాని "అది లేనిదే కళ లేదు" అనే మాట అబద్ధం. పేదవాడి చెవిలో పడినప్పుడు అది అబద్ధమే కాక హింస కూడ. మరొకరు, "పెడల్‌లు మోసం, సహజమైన నాదమే నాదం" అంటారు. ఆలోచించండి: మైకూ ఆంప్లిఫయరూ లేకుంటే "జూక్" లేదు. అక్కడ ఆంప్లిఫయరు వాద్యం వెలుపలిది కాదు, వాద్యంలో సగం.

మన దేశంలో కూడ ఈ వివాదం కొత్తది కాదు. మౌత్ ఆర్గన్‌కు దగ్గరి చుట్టమైన హార్మోనియంను, అదీ రీడు వాద్యమే, 1940లో ఆకాశవాణి నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి 1971 వరకు పట్టింది. ఆ మధ్యకాలంలో కవ్వాలీ బృందాలు గాని, మన నాటక సమాజాలు గాని హార్మోనియంను విడిచిపెట్టలేదు. ఇంకా దగ్గరి ఉదాహరణ మన పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ గారు. మామూలు మాండలిన్ మీద స్వరం నిలవదు, గమకం పలకదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టి, దానిని ఐదు తీగలకు మార్చుకొని, ఆంప్లిఫయరు సాయంతో కర్ణాటక సంగీతంలోని గమకాలను పలికించారు. విదేశీ వాద్యమని, విద్యుత్తు వాద్యమని సందేహించినవారే చివరకు తలలూపారు. 2014లో ఆయన కన్నుమూసేనాటికి ఆ వాద్యం మన సంప్రదాయంలో ఒక భాగం. విద్యుత్తు ఆయన విద్యను దాచలేదు, వెలికి తెచ్చింది.

ఆ విద్యార్థిని నేనే పిలిపించాను. "బాబూ, ఆనాడు నేను చెప్పినది తప్పు" అన్నాను. అధ్యాపకుడు విద్యార్థితో ఈ మాట అనడం కష్టమని వినేవాణ్ణి. అన్న తరువాత అంత కష్టం కాదనిపించింది. అతడు కొంచెంసేపు ఏమీ అనలేదు. పిమ్మట, "మళ్లీ ఒకసారి చూద్దామా సార్?" అన్నాడు. ప్రయోగశాలలో, ఆ నల్లని పెట్టెతోనే, ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, అరువు తెచ్చిన ఒక ఈక్వలైజరు చేర్చి వాయించాడు. అది చికాగో నాదమని నేను అనను. అతని శ్వాస ఇంకా పొట్టిది. వంచిన స్వరం ఇంకా నిలకడగా నిలవదు. కాని నాదం నిండుగా ఉన్నది, అది అతనిది. ఇప్పుడు అతనికి కావలసినది డబ్బు కాదు, సాధన. సాధన ఎవరి చేతిలోనైనా ఉన్న సొమ్ము.

విద్యార్థి మిత్రులకు నా విన్నపం ఇంతే. మీకు ఇష్టమైన విద్య ఏదైనా కానివ్వండి; "ఇది లేనిదే అది రాదు" అని ఎవరైనా, మీ అధ్యాపకుడే అయినా, చెప్పినప్పుడు "ఎందుకు సార్?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఆనాడు ఆ విద్యార్థి ధర అడిగాడు. కారణం అడిగి ఉంటే నా అజ్ఞానం అక్కడే బయటపడేది. కళాశాల పెద్దలకు కూడ ఒక చిన్న విన్నపం. సాంస్కృతిక సంఘం పక్షాన ఒక మాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు, ఒక ఈక్వలైజరు, ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ కొని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచితే, సైన్సు విద్యార్థికి ఇంపెడెన్సు పాఠం చెవికి వినిపిస్తుంది. వాయించే విద్యార్థికి చేతిలోని తీగ అర్థమవుతుంది.

మద్దెలను నిందించకముందు దానిని ఒకసారి విప్పి చూద్దాం. ఓడు అక్కడ లేకుంటే, ఉన్నచోట సరిచేద్దాం.